దీపం ఎవరింట్లో? కుంపటి ఎవరి ఒళ్ళో?

సంపాదకీయం

అన్నలారా, అక్కలారా, వాడవాడలా సంఘం పెట్టి తిరుగుతున్న తమ్ముళ్ళారా!

డ్యాము కడితే ముందు మునిగింది మన గుడిసె. ఫ్యాక్టరీ పెడితే ముందు పోయింది మన డి-పట్టా. కరెంటొస్తే మాత్రం ముందు వెలిగింది ఊళ్ళో పెద్దిళ్ళ గడప, ఆఖరున వెలిగింది వాడ. తీగె వాడ దాకా రావడానికి ఎన్నేళ్ళు పట్టిందో మన ముసలాళ్ళని అడగండి, చెప్తారు. అందుకే "దేశానికి కరెంటు కావాలి, మీరు లేవండి" అని ఎవడన్నా వస్తే మనం మొదట అడగాల్సిన మాట ఇది: దీపం ఎవరింట్లో వెలుగుతుంది? కుంపటి ఎవరి ఒళ్ళో పెడతారు?

ఇప్పుడు ఆ మాట అడగాల్సిన సమయం మళ్ళీ వచ్చింది. ఈసారి వచ్చింది మామూలు కుంపటి కాదు, అణుకుంపటి. 2047 నాటికి లక్ష మెగావాట్ల అణువిద్యుత్తు తయారు చేస్తామని కేంద్ర ప్రభుత్వం 2025 ఫిబ్రవరి బడ్జెట్టులో ప్రకటించింది. 1969లో తారాపూరులో మొదలుపెట్టి యాభై ఏళ్ళకు పైగా కట్టుకుంటూ వస్తే దేశం మొత్తం మీద పోగైంది తొమ్మిది వేల మెగావాట్ల దరిదాపు. దేశం వాడుకునే కరెంటులో ఇది వందకు మూడు పాళ్ళు. ఆ తొమ్మిది వేల మెగావాట్లని ఇరవై ఏళ్ళలో పదింతలకు పైగా పెంచుతామంటున్నారు. అందులో మన వాటా శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడ. ఒక్కొక్కటి 1208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు, అన్నీ అమెరికా వెస్టింగ్‌హౌస్ కంపెనీవి.

ఈ విషయం మీద మన సంఘాల్లోనే రెండు మాటలు వినబడుతున్నాయి. మీటింగులో ఒక కుర్రాడు లేచి, "ఎన్నాళ్ళు వలసపోయి చస్తాం, ప్లాంటొస్తే నాలుగు ఉద్యోగాలొస్తాయి కదా" అంటాడు. పక్కనే ఒక పెద్దమ్మ లేచి, "నాయనా, ఆ విషం పీల్చి మన పిల్లలు కుంటోళ్ళు, గుడ్డోళ్ళు పుడతారంట, మనకొద్దు" అంటుంది. ఇద్దరినీ కసిరి కూచోబెట్టడం సంఘం పని కాదు. ఇద్దరి మాటలోనూ ఎంత నిజముందో తూచి చెప్పడం సంఘం పని. ఈ సంపాదకీయం అందుకే.

అసలు ఇది ఎలా పనిచేస్తుంది?

అణువిద్యుత్తు అంటే ఏదో మాయ అనుకోకండి. నీళ్ళు కాచి ఆవిరి పుట్టించి, ఆ ఆవిరితో చక్రం తిప్పి కరెంటు తీయడమే. రామగుండంలో, కొత్తగూడెంలో, ఇబ్రహీంపట్నంలో బొగ్గుతో చేసేదీ అదే. తేడా పొయ్యిలో ఉంది. బొగ్గు పొయ్యిలో బొగ్గు మండుతుంది. అణు పొయ్యిలో యురేనియం అణువు పగులుతుంది, పగిలినప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడి ఎంతంటే, వెయ్యి మెగావాట్ల బొగ్గు కేంద్రానికి ఏడాదికి ముప్పై లక్షల టన్నులకు పైనే బొగ్గు కావాలి. అంతే అణు కేంద్రానికి పాతిక ముప్పై టన్నుల ఇంధనం చాలు. రోజూ రైళ్ళకు రైళ్ళు మోసే సరుకు ఒకవైపు, ఏడాదికి రెండు మూడు లారీల్లో పట్టే సరుకు ఒకవైపు.

ఈ పొయ్యికి ఒక చెడ్డ గుణం కూడా ఉంది. కట్టెల పొయ్యి ఆర్పాలంటే కట్టె లాగేస్తే సరి. అణుపొయ్యి ఆపినా వెంటనే చల్లారదు. ఆపేసిన మరుక్షణం కూడా వందకు ఆరేడు పాళ్ళ వేడి లోపల పుడుతూనే ఉంటుంది. అది క్రమంగా తగ్గినా రోజుల తరబడి, నెలల తరబడి నీళ్ళు తిప్పుతూ చల్లబరచాల్సిందే. నీళ్ళు ఆగితే ఇంధనమే కరిగి కారుతుంది. 2011 మార్చి 11న జపాన్‌లోని ఫుకుషిమాలో జరిగింది ఇదే. భూకంపానికి రియాక్టర్లు ఆగాయి. కానీ సునామీ నీళ్ళు డీజిల్ జనరేటర్లను ముంచేశాయి. పంపులు ఆగాయి. మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగింది.

మేలు కూడా చెప్పుకుందాం

శత్రువు సరుకైనా సరే, మంచి ఉంటే మంచి అని చెప్పాలి. లేకపోతే మన మాట ఎవరూ నమ్మరు.

మొదటిది, బొగ్గుతో పోల్చుకుంటే అణువిద్యుత్తుకు పొగ లేదు, బూడిద లేదు. ఒక యూనిట్టు కరెంటుకు బొగ్గు ఎనిమిది వందల గ్రాములకు పైగా కార్బన్ వాయువు వదిలితే, గని తవ్వకం, కట్టుబడి అన్నీ కలిపినా అణువిద్యుత్తు వదిలేది పన్నెండు గ్రాముల దరిదాపు. ఇది చదువుకున్నోళ్ళ గొడవ, మనకెందుకు అనుకోవద్దు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకు వెయ్యి మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఏసీ గదుల్లో కూచున్నోళ్ళెంతమంది? ఎండన పడి పనిచేసేది ఎవరు? ఉపాధి హామీ పనికి పలుగు పార పట్టుకుపోయేది ఎవరు? భూమి వేడెక్కితే ముందు మాడేది మన నెత్తే.

రెండోది, బొగ్గు రోజూ చంపుతుంది. దాని పొగ వల్ల ఊపిరితిత్తులు పాడై చచ్చిపోయేవాళ్ళ లెక్క ముందు అణు ప్రమాదాల లెక్క చిన్నదే. థర్మల్ ప్లాంటు బూడిద చెరువు పక్కన ఇల్లున్నవాడిని అడగండి, అన్నంలో బూడిద, బావిలో బూడిద. బొగ్గు చావుకు పేపర్లో పెద్దక్షరాలు ఉండవు, అంతే తేడా.

మూడోది, సోలారు సూర్యుడుంటేనే పనిచేస్తుంది. గాలిమర గాలి ఉంటేనే తిరుగుతుంది. అణు కేంద్రం రాత్రీ పగలూ నడుస్తుంది. ఫ్రాన్సు దేశం తన కరెంటులో దాదాపు మూడింట రెండు వంతులు దీంతోనే తీస్తోంది. మన పొరుగున కల్పాక్కం 1984 నుంచి నడుస్తోంది. 2004 డిసెంబరు 26 సునామీలో అక్కడి ఉద్యోగుల కాలనీలో ప్రాణాలు పోయాయి గానీ రియాక్టరు క్షేమంగానే ఆగింది. కొవ్వాడకు తెస్తామంటున్న రకంలో కరెంటు పూర్తిగా పోయినా పైనున్న తొట్టి నీళ్ళు వాటంతటవే దిగి మూడు రోజులు చల్లబరిచే ఏర్పాటు ఉంది. ఫుకుషిమా తర్వాత నేర్చుకున్నవీ ఉన్నాయి, ముందే ఆలోచించినవీ ఉన్నాయి. ఇవన్నీ నిజాలే.

ఇంకో మాట. కరెంటు వద్దనడం మన సిద్ధాంతం కానే కాదు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ చూసిన బాబాసాహెబ్ అంబేడ్కర్ చేతికిందే ఈ దేశ విద్యుత్ విధానానికి పునాది పడింది. చవకగా, సమృద్ధిగా కరెంటు లేనిదే పరిశ్రమ రాదని, పరిశ్రమ రానిదే జనం దరిద్రం నుంచి, భూమిని పట్టుకు వేలాడే బతుకు నుంచి బయటపడరని ఆయన 1943లోనే చెప్పారు. ఆయన అన్నది మరచిపోవద్దు. కరెంటు కావాలి, అది చవగ్గా ఉండాలి, సమృద్ధిగా ఉండాలి, అందరికీ అందాలి. అణువిద్యుత్తును ఆయన కొలబద్దతోనే కొలుద్దాం.

కొలత ఒకటి: ఖరీదు

వెస్టింగ్‌హౌస్ కంపెనీవి ఇదే రకం రియాక్టర్లు రెండు దాని సొంత దేశంలో, జార్జియా రాష్ట్రంలోని వోగ్టిల్‌లో కట్టారు. పద్నాలుగు వందల కోట్ల డాలర్ల అంచనాతో మొదలైన పని మూడు వేల కోట్ల డాలర్లు దాటింది. ఏడేళ్ళు ఆలస్యమై 2023లో ఒకటి, 2024లో ఒకటి నడక మొదలుపెట్టాయి. పక్క రాష్ట్రం సౌత్ కరోలినాలో ఇవే రకం రెండు మొదలుపెట్టి, తొమ్మిది వందల కోట్ల డాలర్లు పోసి, 2017లో మధ్యలో వదిలేశారు. అదే ఏడాది మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. తర్వాత చేతులు మారి తిరిగి లేచింది.

మన కొవ్వాడ సంగతి చూడండి. 2009లో ఊరి పేరు ప్రకటించారు. ముందు ఒక అమెరికా కంపెనీ అన్నారు, 2016లో ఇంకో అమెరికా కంపెనీ అన్నారు. పదిహేనేళ్ళు దాటింది. ఒక్క బల్బు వెలగలేదు. ఈలోగా దేశంలో సోలారు లక్ష మెగావాట్లు దాటింది. సోలారు వేలంపాటల్లో యూనిట్టు మూడు రూపాయల లోపుకే పలుకుతోంది. సోలారుకు రాత్రి కోసం బ్యాటరీ కలపాలి, ఆ ఖర్చు కలిపి చూడాలి, ఒప్పుకుంటాం. మరి కొవ్వాడ కరెంటు యూనిట్టు ఎంత పడుతుందో కాగితం మీద రాసి ఇమ్మనండి. వోగ్టిల్ ఖర్చు ఇక్కడా అయితే ఆ బిల్లు ఎవరు కడతారు? బిల్లు కట్టలేదని ఫ్యూజు పీకేది ఎవరింట్లోదో మనకు తెలీదా?

కొలత రెండు: ఎవరు లేస్తారు?

కొవ్వాడ, రామచంద్రాపురం, గూడెం, కోటపాలెం, టెక్కలి, జీరుకొవ్వాడ. ఈ ఊళ్ళ భూములూ ఇళ్ళూ సముద్రపు ఒడ్డూ కలిపి రెండు వేల ఎకరాల దరిదాపు గీత గీశారు. వలమీద బతికే గంగపుత్రులు అక్కడ వేలల్లో ఉన్నారు. పట్టా ఉన్న రైతుకు ఎకరానికి లెక్క కడతారు. సముద్రానికి పట్టా ఎవరిచ్చారు? తాతలనాటి నుంచీ ఏ చోట ఏ చేప పడుతుందో తెలిసిన మనిషిని తీసుకెళ్ళి మెట్ట మీద కాలనీలో పెడితే వాడు ఏం పడతాడు? పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల నీళ్ళకు చేప దూరం పోయిందని ఆ మత్స్యకారులు ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నారు. ఇప్పుడు దానిమీద వేడి నీళ్ళు. అణుపొయ్యి వేడిలో మూడోవంతే కరెంటవుతుంది. మిగతా రెండు వంతుల వేడీ సముద్రంలోకే పోతుంది.

ఇక మాల, మాదిగ, రెల్లి, పైడి కులాల కూలి మనిషి సంగతి. వాడికి పట్టా లేదు, పడవ లేదు. ఇంకొకరి చేనే వాడి జీతం. ఆ చేను కంపెనీకి పోతే రైతుకు చెక్కు, కూలికి చెయ్యూపు. అయితే ఇక్కడ ఒక సంగతి అందరూ బాగా గుర్తుపెట్టుకోవాలి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం భూమి ఉన్నవాడే కాదు, సేకరణకు ముందు మూడేళ్ళుగా ఆ భూమి మీద కూలిచేసో, కౌలుచేసో, చేపలు పట్టో ముఖ్యంగా దానిమీదే బతికే కుటుంబం కూడా బాధిత కుటుంబమే. భూమి పోగొట్టుకున్న ఎస్సీ, ఎస్టీలకు ఏ ప్రాజెక్టులోనైనా పోయినంత భూమి గానీ, రెండున్నర ఎకరాలు గానీ, ఏది తక్కువైతే అది భూమిగానే ఇవ్వాలని ఆ చట్టం రెండో షెడ్యూలు చెబుతుంది. "అసైన్డు భూమి గవర్నమెంటుది, నీకు పరిహారం లేదు" అని ఏ ఆఫీసరన్నా అంటే నోరు మూసుకోవద్దు. అసైన్డు భూమికీ పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పు చెప్పింది. చట్టం పుస్తకంలో ఉంటే చాలదు. బాధితుల జాబితాలో మన పేరు ఎక్కాలి. పేరెక్కించే పని మనది.

కొలత మూడు: ఎవరు ఊడుస్తారు?

కుర్రాడు అడిగిన ఉద్యోగాల మాట. అణు కేంద్రంలో పర్మినెంటు ఉద్యోగం ఉంది, జీతం బాగుంది. అది ఇంజనీరింగు చదివినవాడికి, ఐటీఐ చేసినవాడికి, పరీక్ష రాసి నెగ్గినవాడికి. ఇప్పటిదాకా ఈ కేంద్రాలు నడిపింది ప్రభుత్వ సంస్థ కాబట్టి రిజర్వేషన్ ఉంది. మన పిల్లలు కొందరు ఆ దారిన లోపలికి వెళ్ళారు, మంచిదే. హైదరాబాదులో అణు ఇంధనం తయారుచేసే ఎన్.ఎఫ్.సి., మణుగూరు దగ్గర భారజల కర్మాగారం, ఇక్కడంతా రిజర్వేషన్ల మీద మనవాళ్ళు చేరారు.

2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త అణుచట్టం చేసింది. దాని పేరు పొడి అక్షరాల్లో శాంతి. 1962 అణుశక్తి చట్టాన్నీ, 2010 నష్టపరిహార చట్టాన్నీ రద్దుచేసి, అణు కేంద్రాలు కట్టడానికీ నడపడానికీ ప్రైవేటు కంపెనీలకు తలుపు తీసింది. ప్రైవేటు కంపెనీలో రిజర్వేషన్ ఎక్కడుంది? రేపు ఏ షావుకారు కంపెనీయో ప్లాంటు నడిపితే మనకు మిగిలేది కాంట్రాక్టు పని. ఊడ్చే పని, కడిగే పని, మోసే పని.

అణు కేంద్రంలో ఆ కడిగే పని మామూలు కడుగుడు కాదు. రేడియోధార్మికత కంటికి కనబడదు, వాసన రాదు, తగిలినప్పుడు మంట పుట్టదు. అందుకే మనిషి ఒంటిమీద ఒక చిన్న కొలత బిళ్ళ పెడతారు. అణు కార్మికుడికి అయిదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదని మన దేశంలో నియమం. బయటి మామూలు జనానికి ఆ హద్దు ఒకటే మిల్లీసీవర్టు. పర్మినెంటు ఉద్యోగి లెక్క జీవితాంతం రికార్డులో ఉంటుంది. కాంట్రాక్టరు తెచ్చిన కూలి ఇవాళ ఇక్కడ, రేపు ఇంకో చోట, ఇంకో పేరుమీద. వాడి లెక్క ఎవరు రాస్తారు? ఫుకుషిమా శుభ్రం చేసిన పనిలో కంపెనీ కింద కాంట్రాక్టరు, వాడికింద ఇంకో కాంట్రాక్టరు, వాడికింద కూలి. జపాన్‌లాంటి దేశంలోనే ఆ అట్టడుగు కూలి హక్కులు గల్లంతయ్యాయి. పాకీపని చట్టాలు చేసిన తర్వాత కూడా మ్యాన్‌హోల్లోకి మనిషిని దింపి చంపుతున్న మన దేశంలో ఆ లెక్క ఎవరు చూస్తారు? ఏ కులం మనిషిని దింపుతారో మనకు వేరే చెప్పాలా?

కొలత నాలుగు: గని దగ్గర, చెత్త దగ్గర

అణు కరెంటు కథ రియాక్టరు దగ్గర మొదలు కాదు, గని దగ్గర మొదలవుతుంది. జార్ఖండ్‌లో జాదుగూడ గనిలో 1967 నుంచి యురేనియం తవ్వుతున్నారు. అక్కడ భూమి పోయింది ఆదివాసీలది. మన కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో 2012లో యురేనియం కర్మాగారం మొదలైంది. అక్కడి రాయిలో యురేనియం ఎంత తక్కువంటే టన్ను రాయి పిండి చేస్తే అరకిలో కూడా రాదు. మిగిలిందంతా బురదగా చెరువులో పోస్తారు. ఆ చెరువు చుట్టుపక్కల బోర్ల నీళ్ళు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని, ఒంటిమీద దురదలు, పుండ్లు లేస్తున్నాయని రైతులు ఏళ్ళుగా ఫిర్యాదు చేస్తున్నారు. తమవల్ల కాదని కంపెనీ అంటోంది. మధ్యలో ఆ నీళ్ళు తాగేది ఎవరు? 2003లో నల్లగొండ జిల్లా లంబాపురం, పెద్దగట్టు దగ్గర గని అన్నప్పుడు జనం లేచారు. 2019లో నల్లమలలో వెతుకులాట అన్నప్పుడు చెంచులతో పాటు తెలంగాణ అంతా లేచింది, ఆ సెప్టెంబరులో శాసనసభే వద్దని తీర్మానం చేసింది. లేస్తే ఆగుతుందని ఇదొక రుజువు.

ఇక చెత్త. వాడేసిన ఇంధనంలో మిగిలే ప్లుటోనియం విషం సగానికి తగ్గాలంటే ఇరవై నాలుగు వేల ఏళ్ళు పడుతుంది. దీన్ని శుద్ధిచేసి మళ్ళీ వాడుకుంటామని మన శాస్త్రవేత్తలు అంటారు. కొంత చేస్తున్నారు కూడా. కానీ ఆఖరున మిగిలేదాన్ని ఎప్పటికీ దాచిపెట్టే లోతైన చోటు మన దేశంలో ఇంతవరకూ లేదు. పేద మనిషి ఇల్లు కట్టుకుంటే మరుగుదొడ్డి చూపించందే బిల్లు ఇవ్వని సర్కారు ఇది!

కొలత అయిదు: గండం వస్తే

పెద్దమ్మ అడిగిన మాట. మామూలుగా నడిచే రియాక్టరు పక్కన ఉన్నంతమాత్రాన పిల్లలు కుంటోళ్ళు పుడతారని రుజువైన సంగతి కాదు. మనం అలా చెప్పి జనాన్ని బెదిరించకూడదు. భయపెట్టి కూడగట్టిన సంఘం ఎక్కువ కాలం నిలవదు. కానీ ప్రమాదం జరిగితే ఏమవుతుందో మాత్రం చెప్పాలి. 1986 ఏప్రిల్ 26న సోవియట్ దేశంలోని చెర్నోబిల్‌లో రియాక్టరు పేలింది. ఆ ఏడాదే లక్షా పదహారు వేల మందిని లేపారు, ఆ తర్వాత మరో రెండు లక్షలకు పైగా. ముప్పై కిలోమీటర్ల మేర ఊళ్ళు ఇప్పటికీ పాడుపడి ఉన్నాయి. శుభ్రం చేయడానికి ఆరు లక్షల మందిని దింపారు. ఫుకుషిమాలో లక్షన్నర మందికి పైగా ఇళ్ళు వదిలారు. అక్కడ రేడియేషన్‌తో చచ్చిపోయినవాళ్ళ కంటే ఉన్నఫళాన తరలించడంలో, ఆ తర్వాత దిక్కులేక చచ్చిపోయినవాళ్ళే ఎక్కువ, రెండు వేల మంది పైచిలుకు. వాళ్ళలో ఎక్కువమంది ముసలివాళ్ళు, రోగులు.

ఇది మనకు ఎందుకు చెబుతున్నామంటే, మనకు ముందు కావాల్సింది తరలించే దారి. అణు కేంద్రం చుట్టూ 16 కిలోమీటర్ల మేర అత్యవసర ప్రణాళిక ఉండాలని మన నియమమే చెబుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. తిత్లీ తర్వాత శ్రీకాకుళం జిల్లాలో ఎన్ని ఊళ్ళు ఎన్ని రోజులు కరెంటు లేక, దారి లేక ఉన్నాయో ఆ జిల్లా వాళ్ళకు తెలుసు. అలాంటి రాత్రి సైరను మోగితే వాడలో మంచం పట్టిన ముసలమ్మను ఏ బండి వచ్చి ఎక్కించుకుంటుంది? తొట్టి నీళ్ళు మూడు రోజులు కాస్తాయన్నారు, బాగుంది. నాలుగో రోజుకు దారి తెరుచుకుంటుందా?

ఆ తర్వాత పరిహారం. 1984 డిసెంబరులో భోపాల్‌లో అమెరికా కంపెనీ విషవాయువు వదిలి వేలమందిని చంపింది. 1989లో 47 కోట్ల డాలర్లకు బేరం తెగ్గొట్టారు. చచ్చినవాళ్ళు బస్తీల్లో ఉండే ముస్లింలు, దళితులు, పేదలు. ఆ అనుభవంతోనే 2010 చట్టంలో, రియాక్టరు సరుకులో లోపముంటే అది అమ్మిన కంపెనీని కూడా పట్టుకోవచ్చని ఒక సెక్షను పెట్టారు. విదేశీ కంపెనీలకు అది మింగుడు పడలేదు. 2025 చట్టం ఆ సెక్షను తీసేసింది. ఎంత పెద్ద కేంద్రమైనా నడిపే కంపెనీ కట్టాల్సిన హద్దు మూడు వేల కోట్ల రూపాయలు. ఫుకుషిమా బాధితులకు అక్కడి కంపెనీ ఇచ్చిన పరిహారం పది లక్షల కోట్ల యెన్లు దాటింది. అంటే మన లెక్కలో అయిదు లక్షల కోట్ల రూపాయల పైమాట. మూడు వేల కోట్లెక్కడ, అయిదు లక్షల కోట్లెక్కడ? రియాక్టరు అంత భద్రమైనదే అయితే, దాన్ని అమ్మేవాడు పూచీ రాయడానికి ఎందుకు వెనకాడుతున్నాడు? ఎడ్ల సంతలో కూడా ఎద్దును అమ్మేవాడు "పొడవదు" అని పూచీ ఇస్తాడు కదా!

మరి మన మాట ఏమిటి?

అణువిద్యుత్తు మొత్తమే పాపం అని ఈ పత్రిక అనదు. ఉన్న కేంద్రాలు జాగ్రత్తగా నడవాలి. వాటివల్ల కొంత బొగ్గు పొగ తగ్గుతోంది, ఆ మేలు మేలే. కానీ కొవ్వాడకు తెస్తామంటున్న ఈ బేరం అంబేడ్కర్ పెట్టిన ఏ కొలతకూ నిలబడదు. చవకా కాదు, తొందరగా రాదు, మన పిల్లలకు ఉద్యోగం పూచీ లేదు, గండానికి పూచీ లేదు. ఇలాంటి బేరానికి వేలిముద్ర వేయొద్దనే మా మాట.

"అయితే సోలారు వస్తే చాలా?" అంటారేమో. అదీ కళ్ళు తెరిచే చూడాలి. ఎన్.పి.కుంటలో, గని-శకునాలలో సోలారు పార్కులకు వేల ఎకరాలు తీసుకున్నారు. ఎండను పట్టే పలకలకైనా కాళ్ళు మోపడానికి దొరికేది పేదోడి డి-పట్టా, ఊరి పోరంబోకే. సోంపేటలో 2010 జూలై 14న, కాకరాపల్లిలో 2011 ఫిబ్రవరి 28న థర్మల్ ప్లాంట్ల కోసం పోలీసులు కాల్పులు జరిపి ప్రాణాలు తీశారు. అదీ శ్రీకాకుళమే. బొగ్గైనా, అణువైనా, ఎండైనా భూమి దగ్గర, కూలి దగ్గర న్యాయం అడగకపోతే పేరు మారుతుందే గానీ మన రాత మారదు. ఇంటిమీద, బడిమీద, పంపుసెట్టు దగ్గర పెట్టుకునే చిన్న సోలారుకు ఎవరి గుడిసే పీకనక్కర్లేదు. ఆ దారి ముందు అడుగుదాం.

సంఘాల వాళ్ళు ఊరూరా గ్రామసభలో ఈ ఆరు ప్రశ్నలు రాతమూలకంగా పెట్టి, రాతమూలకంగా జవాబు అడగాలి.

1. యూనిట్టు ఎంతకు అమ్ముతారు? కట్టుబడి ఖర్చు పెరిగితే ఎవరు భరిస్తారు?

2. బాధిత కుటుంబాల జాబితాలో కూలీలు, కౌలుదార్లు, మత్స్యకారులు, డి-పట్టాదార్లు ఎంతమంది ఉన్నారు? పేరు పేరునా జాబితా తెలుగులో పంచాయతీ గోడమీద అంటించాలి.

3. ప్లాంటును ప్రభుత్వ సంస్థ నడుపుతుందా, ప్రైవేటు కంపెనీయా? ప్రైవేటైతే రిజర్వేషన్ రాసిస్తారా?

4. కాంట్రాక్టు కార్మికుల రేడియేషన్ లెక్క ఎవరు రాస్తారు? ఆ పుస్తకం కార్మికుడి చేతికిస్తారా?

5. తుఫాను రాత్రి ప్రమాదమైతే 16 కిలోమీటర్లలో ఉన్న ప్రతి వాడకూ ఏ దారి, ఏ బండి, ఏ బడిలో బస?

6. నష్టం మూడు వేల కోట్లు దాటితే ఎవరు ఇస్తారు? అమ్మిన కంపెనీ పూచీ ఎక్కడ?

ఈ ఆరింటికీ జవాబు రానంతవరకు సంతకం లేదు, వేలిముద్ర లేదు. ఎవడో వచ్చి పక్క ఊరివాళ్ళు ఒప్పేసుకున్నారని చెబితే వెంటనే నమ్మొద్దు, పక్క ఊరికి నడిచి వెళ్ళి అడగండి. వాడ, గంగపుత్రుల పల్లె విడివిడిగా మాట్లాడితే విడివిడిగా కొంటారు. ఒకే గడప మీద కూచుని మాట్లాడండి. కుర్రాడి ఉద్యోగం ఆశ, పెద్దమ్మ భయం, రెండూ ఒకే కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. రెండూ మనవే.

కరెంటు కావాలి. అది మన బతుకు తగలబెట్టని కరెంటు కావాలి. వెలుతురులో వాటా ఇవ్వనివాడు నిప్పులో వాటా ఇస్తానంటే ఊరుకోం.

జై భీమ్!